నూకరత్నం హోటల్ అనే అభయారణ్యం

తన హోటల్లో చిరుతపులి కాపురం ఉంటోందని నూకరత్నానికి ఒక మంగళవారం పొద్దున్న, ఇడ్లీ రెండో వాయి దింపుతుండగా తెలిసింది. చెప్పినవాళ్ళు తాగొచ్చి చెప్పలేదు. ఒకరు జిల్లా అటవీ అధికారి పరాంకుశం గారు. రెండోవారు మ్యాపుల నిపుణుడు హిమకర్ గారు, హైదరాబాదు నుంచి పనిగట్టుకుని వచ్చారు. ఇద్దరూ జీపు దిగి, చెప్పులు విప్పాలా వద్దా అన్నట్టు గుమ్మం ముందు ఒక్క క్షణం తటపటాయించి లోపలికొచ్చారు.

"ఒక్క చిరుతే కాదమ్మా," అన్నాడు హిమకర్, చేతిలోని ట్యాబ్ చూసుకుంటూ. "ఎలుగుబంట్లు, అలుగు, కణుజులు, కొండగొర్రెలు, కొండచిలువ. పిట్టలైతే లెక్కే లేదు."

నూకరత్నం గరిటె పక్కన పెట్టి బల్ల కిందకి వంగి చూసింది. అక్కడ నిన్నటి పేపరూ, ఎవరో క్లీనరు మరిచిపోయిన ఒంటి చెప్పూ ఉన్నాయి.

"ఎలుగేటి బాబూ? ఈ గ్రైండరు పక్కనా?"

"సరిగ్గా గ్రైండరు పక్కనే," అని హిమకర్ నాలుగడుగులు వేసి బల్ల చివర నిలబడ్డాడు. ట్యాబ్ కుయ్‌మంది. "ఇదే సార్ కేంద్రబిందువు. రాష్ట్రం మొత్తం మీద ఇంత ముదురు ఎరుపు ఇంకెక్కడా లేదు."

పరాంకుశం గారు టోపీ తీసి చంకలో పెట్టుకున్నారు. ఆయన వెనకాల నిలబడ్డ బీట్ ఆఫీసరు గౌరునాయుడు మాత్రం ఎదురుగా ఉన్న ఎలుగుల కొండని, ఇన్నాళ్ళూ ఎప్పుడూ చూడనట్టు, మహా శ్రద్ధగా చూస్తున్నాడు. రోజూ అదే బల్ల చివర కూర్చుని ఇడ్లీ తినే మనిషి అతను. నూకరత్నం పలకరించినా ఆ పూట అతని మెడ ఇటు తిరగలేదు.

ఇందులో మాయా మర్మం ఏమీ లేదు. ఉన్నదల్లా పద్ధతి. అంతకు ముందు ఏడాది అటవీ శాఖని డేటా పట్టుకుంది. ఏ అడవిని కాపాడాలి, దేనికి ఎంత ఖర్చు పెట్టాలి అన్నది ఇకమీదట మనుషులు కాక మ్యాపు చెప్పాలని పైన నిర్ణయించారు. ఉద్దేశం మంచిదే. ఎవరికి ఇష్టమైన కొండని వాళ్ళు కాపాడుకుంటూ పోవడం కంటే జంతువులు ఎక్కడున్నాయో చూసి అక్కడ కాపాడటం న్యాయం. అందుకని 'వనదృష్టి' అనే యాప్ తయారు చేయించి, బీట్ ఆఫీసర్లందరి ఫోన్లలోనూ ఎక్కించి, కనబడ్డ ప్రతి జంతువునీ ఫొటో తీసి పంపమన్నారు. మ్యాపుని గళ్ళు గళ్ళుగా విడగొట్టారు. జంతువులు ఎక్కువైన గడి ఎర్రబడుతుంది. ఏమీ లేనిచోట తెల్లగా ఉంటుంది.

గౌరునాయుడూ వాళ్ళూ తెల్లారకుండానే ఎలుగుల కొండ ఎక్కేవారు. ఆ కొండకి ఆ పేరు ఊరికే రాలేదు. చిరుత అడుగులూ, ఎలుగు తవ్విన పుట్టలూ, కణుజుల మందలూ అన్నీ అక్కడే. ఫొటోలు తీసేవారు. పంపుదామంటే కొండ మీద సిగ్నల్ ఉండదు. దిగువన ఊళ్ళోనూ ఉండదు. ఘాట్ రోడ్డు మొత్తానికి సిగ్నల్ దొరికేది చింతలగొంది మలుపులో నూకరత్నం హోటల్లో, అందులోనూ గ్రైండరు పక్కన బల్ల చివర. కాబట్టి కొండ దిగి, ఆ చివర కూర్చుని, ఇడ్లీకి చెప్పి, ఫోను తీసి నొక్కేవారు. వనదృష్టి బుద్ధిగా, ఎక్కడ నొక్కారో అక్కడే ఆ జంతువు ఉన్నట్టు రాసుకునేది.

ఆ విధంగా ఏడాది తిరిగేసరికి ఎలుగుల కొండ మీది ప్రాణికోటి యావత్తూ ఒక్కటొక్కటే దిగివచ్చి నూకరత్నం బల్ల మీద కూర్చుంది. మ్యాపులో హోటలు రక్తంలా ఎర్రబడింది. కొండ సున్నం కొట్టినట్టు తెల్లగా మిగిలింది.

పరాంకుశం గారు జేబులోంచి కాగితం తీసి నిలబడే చదివారు. "సదరు గడి యందు మానవ కార్యకలాపములు, ముఖ్యముగా పొయ్యి రాజేయుట, పిండి రుబ్బుట, చట్నీకి తాలింపు వేయుట మొదలగునవి, వన్యప్రాణుల సహజ జీవనమునకు విఘాతము కలిగించుచున్నట్లు గుర్తించడమైనది. కావున సదరు హోటలును ఖాళీ చేయించి, చుట్టూ కంచె నిర్మించి, స్థలమును సంపూర్ణ రక్షిత ప్రాంతముగా పరిగణించవలెను."

"అంటే?" అంది నూకరత్నం.

"అంటే నువ్వు ఎల్లిపోవాలత్తా," అన్నాడు గౌరునాయుడు, కొండకేసి చూస్తూనే.

మొగుడు చనిపోయిన ఏడాది రేకులు తనే మోసుకొచ్చి, గోడలు తనే మెత్తి కట్టుకున్న హోటలది. ఆమె వండుకునేదీ పడుకునేదీ అందులోనే. ఘాట్ ఎక్కే లారీ డ్రైవర్లంతా ఆమెని అత్తా అనే పిలుస్తారు. ఆ పిలుపు వినబడని రోజున తనకి తోచదని ఆమెకి తెలుసు. అలాంటి హోటలుని, లేని చిరుతపులికి ఇచ్చేయమంటే ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"నా తాలింపుకి బెదిరిపోయిన ఎలుగెక్కడుందో సూపించండి బాబూ, దానికే ఇచ్చేసి ఎల్లిపోతాను," అంది.

"అవి కనబడవమ్మా," అన్నాడు హిమకర్ ఓపిగ్గా. "అందుకే మ్యాపు కావలసి వచ్చింది."

అభ్యంతరాలుంటే వారంలోగా చెప్పుకోవచ్చని కాగితం చివర ఉంది. నూకరత్నం హోటలు మూసేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, బస్సెక్కి పట్నంలో అటవీ కార్యాలయానికి వెళ్ళింది. ఏమీ దాచలేదు. మీ మనుషులు కొండ మీద చూసినవన్నీ నా బల్ల మీద కూర్చుని పంపుతారు, సిగ్నల్ అక్కడే వస్తాది గనక, అని ఉన్నదున్నట్టు చెప్పింది. గదిలో హిమకర్, గౌరునాయుడు కూడా ఉన్నారు. పరాంకుశం గారు గౌరునాయుడి వైపు చూశారు. అతను తల దించుకుని, "అవును సార్," అన్నాడు.

పరాంకుశం గారు తెలివితక్కువవారు కారు. ఆయనకి ఆ రెండు మాటల్లోనే అంతా అర్థమైంది. అర్థమైంది కనకనే లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చారు.

"నాయుడూ, ఈ మ్యాపుని పై అధికారులు విదేశంలో తెర మీద వేసి చూపించి వచ్చారు. చింతలగొంది మలుపు చూసి అక్కడి శాస్త్రవేత్తలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. ఇప్పుడు వాళ్ళందరినీ మళ్ళీ కూర్చోమని ఎవరు చెబుతారు? నువ్వు చెబుతావా?"

గౌరునాయుడు చెప్పనన్నాడు.

"సవరణకి దారి లేకపోలేదు సార్," అన్నాడు హిమకర్. "ఆమె చెప్పేది ఆమె సొంత అనుభవం. దాన్ని మనం గౌరవిద్దాం. కానీ సిస్టం అనుభవాన్ని తీసుకోదు. కొండ మీద జంతువులున్నాయంటే కొండ మీంచే పంపమనండి. కొండ దానంతటదే ఎర్రబడుతుంది."

"కొండ మీద సిగ్నల్ లేదు సార్," అన్నాడు గౌరునాయుడు.

"టవరు వేయించుకోండి."

"కుదరదు," అన్నారు పరాంకుశం గారు. "అది రిజర్వు అడవి. ఇనప స్తంభం పాతితే జంతువులు బెదురుతాయి."

"అయితే కొండ మీద జంతువులున్నట్టే గదా బాబూ?" అంది నూకరత్నం.

"చట్టం ప్రకారం ఉన్నాయి. మ్యాపు ప్రకారం లేవు. శాఖ ప్రస్తుతం మ్యాపు ప్రకారం నడుస్తోంది," అని పరాంకుశం గారు బెల్లు నొక్కారు. ఆమె అభ్యంతరాన్ని స్వీకరించి, పరిశీలించి, తోసిపుచ్చడం ఆ బెల్లు మోగినంతసేపట్లో అయిపోయింది.

ఆ నెలలోనే ఒక గ్రానైట్ కంపెనీవాళ్ళు ఎలుగుల కొండ కావాలని అర్జీ పెట్టుకున్నారు. శాఖవారు మ్యాపు చూశారు. కొండ తెల్లగా ఉంది. తెల్లగా ఉన్నచోట కాపాడవలసింది ఏమీ లేదు గనక తమకి అభ్యంతరం లేదని రాసిచ్చారు. టవరుకి అడవిగా ఉన్న కొండ బండలు పేల్చేందుకు అడవి కాకుండా పోయింది.

హోటలు చుట్టూ కంచె లేచింది. లోపల బల్ల, పొయ్యి, గ్రైండరు అన్నీ యథాతథంగా ఉంచారు, ఆవాసాన్ని కదిలించకూడదని. నూకరత్నం రోడ్డుకి అవతల ఒక టార్పాలిన్ కట్టుకుని కూర్చుంది. లారీలు ఆగడానికి వీల్లేదన్నారు. డ్రైవర్లు వేగం తగ్గించి, "అత్తా, బాగున్నావా?" అని ఒక కేక వేసి పోయేవారు. ఎదురుగా తన పొయ్యి చల్లారిపోయి ఉంటే, ఇవతల మూడు రాళ్ళు పెట్టుకుని గంజి కాచుకోవడం ఆమెకి చచ్చేంత అవమానంగా ఉండేది.

రక్షణ పూర్తయ్యాక అసలు విపత్తు వచ్చిపడింది. మనుషులెవరూ లోపలికి పోకూడదన్న నియమం బీట్ ఆఫీసర్లకీ వర్తించింది. బల్ల చివర కూర్చునేవాడు లేడు. ఫొటోలు పంపేవాడు లేడు. నెల తిరిగేసరికి మ్యాపులోని ఎర్ర గడి గులాబీ రంగుకి దిగింది. తర్వాత తెలుపైంది.

కార్యాలయంలో గగ్గోలు పుట్టింది. ఒక్క నెలలో ఇన్ని జాతులు అంతరించిపోవడం భూమ్మీద ఇదివరకు జరగలేదని హిమకర్ చెప్పాడు. అత్యవసర సమావేశం పెట్టారు. అతను పాత డేటా అంతా తిరగేసి, గోడ మీద గీతలు చూపించి, గంభీరంగా నివేదించాడు.

"ఈ ప్రాంతంలో జంతువులు అన్ని వేళలా సంచరించేవి కావు. పొద్దున్న ఇడ్లీ వేళకి విపరీతంగా వచ్చేవి. సాయంత్రం టీ వేళకి మళ్ళీ వచ్చేవి. ఆదివారం పునుగులు వేసిన పూట అత్యధికం. హోటలు మూసిన రోజున ఒక్కటీ రాలేదు. దీన్ని బట్టి తేలేదేమిటంటే, ఆవిరి, పొగ, నూనె వాసన ఈ ఆవాసంలో విడదీయరాని భాగాలు. మనం తొందరపడి కీలకమైన జీవిని తొలగించాం."

"ఏ జీవిని?" అన్నారు పరాంకుశం గారు, సమాధానం తెలిసి కూడా.

"నూకరత్నం గారిని."

మర్నాడే జీపు టార్పాలిన్ ముందు ఆగింది. పరాంకుశం గారు కొత్త కాగితం చదివారు. "ఆవాస పునరుద్ధరణ నిమిత్తము సదరు మహిళను తిరిగి లోనికి ప్రవేశపెట్టవలెను. ఉదయము ఆవిరి, సాయంత్రము పొగ తగు పాళ్ళలో ఉండునట్లు చూడవలెను. ఆహారము భుజించుటకు మాత్రము ఎవరినీ అనుమతించరాదు."

"తినీవోడు నేకుండా ఇడ్లీ ఎందుకు బాబూ?"

"ఆవిరి కోసం," అన్నాడు హిమకర్.

ఏ రూపంలోనైనా తన గడప తను తొక్కితే చాలనుకుంది నూకరత్నం. వెళ్ళి బూజు దులిపి, పొయ్యి అలికి, పిండి రుబ్బింది. రోజూ వాయి వెనక వాయి దించి పక్కన పెట్టేది. లారీలు ఆగకుండా పోయేవి. వేడి వేడి ఇడ్లీలు ఎవరికీ పెట్టకుండా చూస్తూ కూర్చోవడం కంటే ఆకలితో పడుకోవడం నయమని ఆమెకి మొదటి వారంలోనే తెలిసింది. పర్యవేక్షణ కోసం గౌరునాయుడు ఒక్కడిని లోపలికి రానిచ్చారు. అతను కొండ దిగి వచ్చి, బల్ల చివర కూర్చుని, పర్యవేక్షణలో భాగంగా నాలుగిడ్లీలు తిని, ఫోను తీసి నొక్కేవాడు. పదిరోజుల్లో మ్యాపు మళ్ళీ ఎర్రబడింది. అంతరించిన చిరుత తిరిగొచ్చింది. ఈ విజయం మీద హిమకర్ ఒక పెద్ద వ్యాసం రాసి విదేశీ పత్రికకి పంపాడు.

అప్పుడు కొండ మీద పేలుళ్ళు మొదలయ్యాయి.

మొదటి పేలుడికి హోటల్లో గాజు గ్లాసులు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. గౌరునాయుడు నోట్లో పెట్టుకోబోతున్న ముక్క చేతిలోనే ఉండిపోయింది.

"ఆటిని ఏటి సేస్తారు నాయుడూ?" అంది నూకరత్నం. "ఆ ఎలుగులూ, కణుజులూ, అయన్నీ?"

"కొండ మీద ఏటీ నేవని రాసిచ్చేసినారత్తా."

"రాసింది సరేరా. ఉన్నాయి గదా. ఎక్కడికి పోతాయవి?"

గౌరునాయుడు చేతిలోని ముక్క పళ్ళెంలో పెట్టేశాడు. ఆ రోజు ఇడ్లీ ముట్టకుండానే లేచాడు.

జవాబు జంతువులే చెప్పాయి. ముందు పెద్ద ఉడతలొచ్చి మలుపులోని చెట్ల మీద గూళ్ళు కట్టుకున్నాయి. తర్వాత కొండగొర్రెలు రెండు కంచె దూకి వచ్చి గోడ వారగా నిలబడ్డాయి. చుట్టుపక్కల పేలని చోటూ, మనిషి రాని చోటూ అదొక్కటే మరి. ఒక తెల్లవారుజామున నూకరత్నం తలుపు తీసి వెనక వాకిట్లో ముఖం కడుక్కుని వచ్చేసరికి, గ్రైండరు పక్కన ఒక ఎలుగు పడుకుని ఉంది. దాని ముందుకాలు రాతి ముక్క తగిలి చీలిపోయి ఉంది. పొట్ట దగ్గర రెండు పిల్లలు ముడుచుకుని ఉన్నాయి. ఆమె వెనక్కి జరిగి కర్ర అందుకుంది. ఎలుగు తలెత్తి ఆమెని చూసి, లేవబోయి, లేవలేక మళ్ళీ పడుకుంది. దాంతో నూకరత్నానికి భయం పోయి ఏడుపొచ్చింది. పొయ్యి వెలిగించలేదు. నిన్నటి ఇడ్లీలు పళ్ళెంలో పెట్టి, దూరం నుంచి కర్రతో అటువైపు జరిపి, బయటికొచ్చి తలుపు చేరవేసి, మళ్ళీ టార్పాలిన్ కిందికి చేరింది.

మ్యాపు నిజమో కాదో చూసేందుకు ఢిల్లీ నుంచి కమిటీ ఆ వారమే రావలసి ఉంది. పరాంకుశం గారు అప్పటికి నిద్ర మానేశారు. మ్యాపు అబద్ధమని తెలిసిన మనిషి మరి. కమిటీవారు కంచె బయట నిలబడి తలుపు సందులోంచి చూశారు. గ్రైండరు పక్కన ఎలుగు. కిటికీ మీద ఉడత. చూరు కింద గుడ్లగూబ. పెద్దాయన ఒకరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"కచ్చితత్వం నూటికి నూరు," అన్నారు.

పరాంకుశం గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. హిమకర్ మాత్రం ఆయన భుజం మీద చెయ్యి వేసి, "డేటా ముందు చెబుతుంది సార్. జంతువు తర్వాత వస్తుంది," అన్నాడు.

ఇద్దరికీ శాలువాలు కప్పారు. నూకరత్నానికి కూడా ఒకటి కప్పి, ఆవాస నిర్వహణలో స్థానిక మహిళల పాత్ర అని ఫొటో తీసుకున్నారు.

మార్చి నెలాఖరుకి ప్రాజెక్టు గడువు తీరిపోయింది. విజయవంతంగా ముగిసిన ప్రాజెక్టుని పొడిగించే పద్ధతి శాఖలో లేదు. వనదృష్టి యాప్ ఆగింది. మ్యాపు పెట్టిన కంప్యూటరుకి అద్దె కట్టడం మానేశారు. హిమకర్ సముద్రపు తాబేళ్ళ మీదికి బదిలీ అయ్యాడు. ఏప్రిల్ మొదటి వారంలో పరాంకుశం గారు స్వయంగా వచ్చి, ఈసారి కాగితం చదవకుండా, నవ్వుతూ చెప్పారు.

"నీకు మంచి వార్తమ్మా. గడి రద్దయింది. కంచె ఇవాళే పీకేస్తారు. నీ హోటలు నీదే, నీ కస్టమర్లు నీవాళ్ళే. రేపటి నుంచి హాయిగా నడుపుకో."

ఇన్నాళ్ళూ ఆ మాట కోసమే ఆమె కళ్ళు కాయలు కాచేలా చూసింది. కాళ్ళ మీద పడి దండం పెడుతుందేమోనని పరాంకుశం గారు కాస్త వెనక్కి జరిగారు కూడా.

"మరి లోపలున్నయి?" అంది.

"అవి వ్యాపార స్థలంలోకి చొరబడ్డ జంతువుల కింద లెక్క. మా వాళ్ళొచ్చి టపాకాయలు కాల్చి తరిమేస్తారు."

"ఎక్కడికి?"

"అడవిలోకి," అన్నారు పరాంకుశం గారు, అలవాటు కొద్దీ కొండకేసి చెయ్యి చూపించి. అక్కడ సగం కొండే ఉంది. ఆయన చెయ్యి దించి జీపెక్కారు.

సాయంత్రానికి గౌరునాయుడు టపాకాయల సంచీతో వచ్చాడు. కూలీలు కంచె పీకి చుట్ట చుట్టారు. నూకరత్నం గడప మీద అడ్డంగా కూర్చుంది. శాలువా నడుముకి బిగించి ఉంది.

"లే అత్తా," అన్నాడతను. "ఆర్డరిది. రేపు నువ్వు పొయ్యెలిగించుకోవా?"

"నాను ఇంకో చోట మూడు రాళ్ళు పెట్టుకోగలన్రా. ఆ ఎలుగుకి కాలు నేదు."

"నన్నడిగితే ఏటి సెప్పమంటావు?"

"ఎల్లిపోనాయని సెప్పు. ఉన్నయి నేవని రాయడం మీకు కొత్తేటి?"

గౌరునాయుడి కళ్ళు తడిశాయి. తర్వాత సంచీ తీసుకెళ్ళి రోడ్డు పక్క కాలవలోకి దిమ్మరించి, ఖాళీ సంచీ మడిచి చంకలో పెట్టుకుని, ఆమెకేసి చూడకుండా దిగువకి నడిచాడు.

కంచె పోయిందన్న కబురు ఘాట్ అంతా అప్పుడే పాకింది. మలుపులో ఒక లారీ ఆగింది. డ్రైవరు ఇంజను ఆపకుండానే తల బయటపెట్టి సంతోషంగా అరిచాడు.

"అత్తా! మళ్ళీ తెరిసేవంట గదా! గట్టిగా ఒక టీ కొట్టు!"

నూకరత్నం నోటి మీద వేలు పెట్టింది. గడప మీంచి లేవలేదు.

"మెల్లగా నాయినా," అంది. "ఇక టీ నేదు. లోపల పిల్లలు పడుకున్నాయి."